ఓడంటే భయపడే మనిషితో – మూడో పాఠం: భయాన్ని విడదీయడం

గత రెండు పాఠాల్లో రెండే పనులు చేశాం. ఎదుటివాళ్లు భయం గురించి చెబుతుంటే అడ్డు రాకుండా వినడం, విన్నదాన్ని వాళ్ల మాటల్లోనే కాగితం మీద రాసుకోవడం. ఆ కాగితం ఇప్పుడు మీ ముందు ఉండాలి. లేకపోతే చదవడం ఇక్కడ ఆపి, ముందు ఆ పని పూర్తి చేయండి. అది లేకుండా ముందుకు వెళ్తే మీరు ఊహించుకున్న భయానికి జవాబు చెబుతారు. ఆ మనిషి భయం ఉన్నచోటే ఉంటుంది.

నా ముందున్న కాగితం మా పిన్నిది. రాజమహేంద్రవరంలో ఉంటుంది, వయసు 63. విహార నౌకలో రెండు మూడు రాత్రులు గడపాలని బాబాయి కోరిక. 2022 జూన్‌లో ఎంప్రెస్ నౌక విశాఖ రేవుకు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఆ మాట నలుగుతూనే ఉంది. పిన్ని చెప్పగా నేను రాసుకున్నవి ఐదు వాక్యాలు: "నీళ్లలో పోతాం. మధ్యలో దిగిపోతానంటే కుదరదు. వాంతులు అవుతాయి. తిండి సంగతి ఏమిటి? ఏదైనా అయితే మీ బాబాయిని ఎవరు చూస్తారు?"

వింటున్నప్పుడు ఇదంతా ఒకే భయంలా అనిపించింది. రాసి చూస్తే ఐదూ వేరు వేరు. కొన్నింటికి సమాచారం చాలు. కొన్నింటికి మీరు మాట ఇవ్వాలి. ఒకటి అసలు ఓడ గురించిన భయమే కాదు. ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఏ వాక్యం ఏ రకానిదో గుర్తుపట్టడం.

మొదటి వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. "నీళ్లలో పోతాం" అని పిన్ని ఊరికే అనలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరదలో ఉన్న గోదావరిలో పాపికొండలకు వెళ్తున్న పర్యాటకుల పడవ మునిగిపోయింది. ఆ తర్వాత రోజుల తరబడి రాజమహేంద్రవరంలో ఏ ఇంట్లో చూసినా అదే మాట. నేను చేసిన తప్పు ఏమిటంటే, "అది చిన్న పడవ పిన్నీ, ఇది పెద్ద ఓడ" అనేశాను. "వాళ్లు కూడా ఏమీ కాదనుకునే ఎక్కారు కదమ్మా" అంది పిన్ని. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆమె దుఃఖం గురించి మాట్లాడుతుంటే నేను కొలతల గురించి మాట్లాడాను. అందుకే ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు "ఆ రోజు నాకూ గుర్తుంది" అనండి. ఆ రోజు గురించి వాళ్లను చెప్పనివ్వండి. నిజాలు చెప్పడం ఆ తర్వాత, అదీ రోజుకు ఒకటి.

మొదట చెప్పదగిన నిజం టైటానిక్ నుంచి తీసుకోండి, ఎందుకంటే ఆ పేరు తెలియనివాళ్లు లేరు. 1912 ఏప్రిల్‌లో మునిగిన ఆ నౌకలో దాదాపు 2,200 మంది ఉంటే, ప్రాణరక్షక పడవల్లో చోటు ఉన్నది 1,178 మందికే. ఆ దుర్ఘటన తర్వాతే, 1914లో, సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. దాన్నే సోలాస్ అంటారు. ఇప్పటి సోలాస్ నియమాల ప్రకారం దేశాల మధ్య తిరిగే పెద్ద ప్రయాణికుల నౌకలో పడవలు, తెప్పలు కలిపి ఉన్నవాళ్లకంటే పాతిక శాతం ఎక్కువ మందికి చోటు ఉండాలి. అంటే 2,000 మంది ఎక్కితే 2,500 మందికి. ఇది విన్నప్పుడు పిన్ని మొదటిసారి ఒక ప్రశ్న వేసింది: "ఆ పడవలు ఎక్కడ పెడతారు?" భయపడే మనిషి ప్రశ్న వేస్తే సంతోషించండి. ఫోనులో నౌక బొమ్మ తెరిచి, పక్కల వరుసగా వేలాడే నారింజ రంగు పడవలు చూపించండి.

"ఏమీ కాదు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. 2012 జనవరిలో ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా నౌక రాతిని ఢీకొని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఈ సంగతి మీరే చెప్పండి. మీరు దాచిపెట్టినది వాళ్లకు ఏదో ఒక రాత్రి ఫోనులో కనిపిస్తుంది, ఇక మీరు చెప్పిన మిగతా నిజాలను కూడా నమ్మరు. చెప్పేటప్పుడు తర్వాత ఏం మారిందో కూడా చెప్పండి. ఆ నౌకలో కొత్తగా ఎక్కినవాళ్లకు ప్రమాదం జరిగే సమయానికి అత్యవసర శిక్షణ ఇంకా ఇవ్వలేదు. ఇప్పుడు ఒక రోజుకు మించి సాగే ప్రయాణమైతే నౌక బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో ఆ శిక్షణ తప్పనిసరి.

ఇక్కడే ఒక చిన్న సంగతి. అత్యవసర సంకేతం ఏడు పొట్టి కూతలు, తర్వాత ఒక పొడుగు కూత. శిక్షణలో భాగంగా మొదటి రోజే అది వినిపించవచ్చు. ముందుగా తెలియని మనిషికి ఆ కూతకు గుండె జారిపోతుంది. తెలిసిన మనిషి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంది. ఇంట్లోనే ఒకసారి నోటితో కూత వేసి చూపించండి.

రెండో వాక్యం: "మధ్యలో దిగిపోతానంటే కుదరదు." ఇది నిజం. దీనికి ఎదురు వాదించకండి. సమాచారం దీనికి పనికిరాదు, ఒప్పందమే కావాలి. నాకు ఈ విషయంలో దారి చూపింది మోటుపల్లి శాసనం. తుపానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు: నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని, సుంకాల వివరాలతో సహా. ధైర్యంగా రండి అని ఊరుకోలేదు. తన చేతిలో ఉన్నది ఏదో దానికే హామీ ఇచ్చాడు, దాన్ని రాతి మీద చెక్కించాడు. మీరూ అంతే చేయాలి. సముద్రం మీ చేతిలో లేదు. ప్రయాణం ఎన్ని రాత్రులు, గదికి కిటికీ ఉంటుందా, పక్కన ఎవరు ఉంటారు అనేవి మీ చేతిలో ఉన్నాయి.

మేము రాసుకున్న కాగితంలో ఇలా ఉంది: మొదటి ప్రయాణం రెండు రాత్రులకు మించదు. సముద్రం కనిపించే గదే తీసుకుంటాం. బంగాళాఖాతంలో తుపాన్ల కాలమైన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వెళ్లం, జనవరి నుంచి మార్చి లోపే. డబ్బు వెనక్కి వచ్చే గడువు తేదీ పెద్ద అక్షరాలతో రాస్తాం, ఆ తేదీ వరకు వద్దంటే ఎవరూ కారణం అడగరు. చివరి మాట రాయించింది పిన్నే. టిక్కెట్లు కొనేసి పుట్టినరోజు కానుకగా చేతిలో పెట్టే ఆలోచన మీకు ఉంటే దయచేసి మానుకోండి. అది వాళ్ల చేతిలోని ఒక్క హక్కునూ లాక్కోవడమే.

వాంతుల సంగతి తేలికగా చెప్పవచ్చు. కళ్లు కదలిక లేదంటాయి, లోపలి చెవి ఉందంటుంది, ఆ తగాదాకే కడుపు తిప్పుతుంది. నౌక మధ్యభాగంలో, కింది అంతస్తులో కదలిక తక్కువ, అక్కడ గది అడగండి. తిప్పినట్టు అనిపిస్తే పైకి వచ్చి దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూడాలి. అల్లం కొందరికి పనిచేస్తుంది. మాత్రలైతే, కడుపు తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. అవి మగత తెస్తాయి కాబట్టి, పెద్ద వయసువాళ్లు వాడే మిగతా మందుల చీటీ వైద్యుడికి చూపించి అడగాలి. తిండి గురించి టిక్కెట్టు కొనే ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, అంతకంటే చెప్పవలసింది లేదు.

చివరి వాక్యం మీద మాత్రం తొందరపడకండి. "మీ బాబాయిని ఎవరు చూస్తారు?" బాబాయికి రక్తపోటు ఉంది. విహార నౌకల్లో వైద్యుడు, నర్సు, చిన్న చికిత్స గది ఉంటాయి, కానీ అది పెద్ద ఆసుపత్రి కాదు. ఆ రెండు మాటలూ చెప్పాను. పిన్ని తల ఊపింది కానీ ముఖం తేలికపడలేదు. ఈ భయం ఆమెకు ఇంట్లోనూ ఉంది, రాత్రి ఆయన దగ్గితే లేచి కూర్చుంటుంది. ఓడ మాట రావడంతో అది బయటికి వచ్చింది, అంతే. ఇలాంటి వాక్యం మీ కాగితంలో కనిపిస్తే దాన్ని ఓడ లెక్కలో నుంచి తీసి పక్కన పెట్టి, దాని కోసమే వేరుగా ఒక సాయంత్రం కూర్చోండి. మేము బాబాయి వైద్యుడి దగ్గరికి ముగ్గురం కలిసి వెళ్లాం.

ఈ వారం సాధన: మీ కాగితంలోని ప్రతి వాక్యం పక్కన 'సమాచారం', 'ఒప్పందం', 'ఓడది కాదు' అన్న మాటల్లో ఒకటి రాయండి. ఆ తర్వాత సమాచారంతో తీరే వాక్యం ఒక్కటే ఎంచుకుని, ఒక్క నిజం చెప్పండి. రెండోది చెప్పాలని నోటి దాకా వస్తుంది, ఆపుకోండి. వాళ్లు ఏమన్నారో అదే మాటల్లో కింద రాయండి.

వచ్చే పాఠంలో రేవుకు వెళ్దాం, ఒడ్డున నిలబడి ఓడను చూసి రావడానికి. అలవాటు కోసమని ముందు చిన్న పడవ ఎక్కించవద్దు. చిన్న పడవ ఓడకంటే చాలా ఎక్కువ ఊగుతుంది. మొన్న పిన్ని ఫోను చేసి, "ఆ గది కిటికీ తెరుచుకుంటుందా?" అని అడిగింది. కింది అంతస్తుల్లో తెరుచుకోదని చెప్పాను. కాసేపు ఆగి, "సరే, రాసిపెట్టు" అంది.