జైల్లో మానసిక జబ్బుతో ఉన్న ఖైదీల దగ్గరికి పరిచర్యకు వెళ్తున్నారా? ఇలా చేయండి

ముందు మాత్రల సంగతి. మీరు ప్రార్థన చేశాక ఆ ఖైదీ మనసు తేలికైందంటాడు, నాలుగు రోజులు బాగా నిద్రపోతాడు, అప్పుడు టీములో ఎవరో ఒకరు సంతోషం పట్టలేక "దేవుడు ముట్టాడు బ్రదర్, ఇంక మందులతో పనేముంది" అనేస్తారు. ఆ మాట మీరు అనొద్దు, టీములో ఎవర్నీ అననివ్వొద్దు. స్కిజోఫ్రీనియాకీ (లేని గొంతులు వినిపించే, లేనిపోని భయాలు పట్టే జబ్బు) బైపోలార్‌కీ (మనసు ఒకసారి మితిమీరి ఉప్పొంగి, ఒకసారి బాగా కుంగిపోయే జబ్బు) వాడే మందులు ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. బయటైతే ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తారేమో గానీ, బ్యారక్‌లో అది పక్కవాడితో కొట్లాట అవుతుంది, దాని మీద ఇంకో కేసు కూడా పడొచ్చు. లూకాను పౌలు ప్రియుడైన వైద్యుడు అన్నాడు కదా (కొలొస్సయులకు 4:14), ఆ వచనం తీసి చూపించండి, డాక్టర్ ఇచ్చే మాత్ర కూడా దేవుడి దయేనని చెప్పండి. ఉపవాసం కూడా మీరుగా చెప్పకండి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడే మనిషి నీళ్లు మానేసి ఉపవాసం ఉంటే ఆ మందే ఒంట్లో పేరుకుని విషంలా పనిచేసే ప్రమాదం ఉంది. శ్రమల కాలంలో ఎవరైనా తనంతట తాను ఉపవాసం ఉంటానంటే, జైలు డాక్టర్‌ను అడిగాకే అనండి.

అలాగే దయ్యం అన్న మాట ఎత్తొద్దు. చెవిలో గొంతులు వినిపించి రాత్రంతా వణికిపోయే మనిషికి నీలో దయ్యముందని చెబితే, అతని భయాన్ని మీరే ఖాయం చేసినట్టు. ఇది విశ్వాసం తక్కువై వచ్చిన జబ్బు కాదు, పాపానికి శిక్షా కాదు. ఈ మాట ఒక్కసారి చెబితే చాలదు, వెళ్లిన ప్రతిసారీ చెప్పాలి, ఎందుకంటే బ్యారక్‌లో రోజూ అతను వినేది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

పర్మిషన్ పని పెద్ద కష్టమేమీ కాదు. చర్చి లెటర్‌హెడ్ మీద సూపరింటెండెంట్ గారికి దరఖాస్తు పెట్టి, వచ్చేవాళ్ల పేర్లు, గుర్తింపు కార్డులు ఇచ్చి, వాళ్లు చెప్పిన టైముకే వెళ్లండి. ఉత్తరాలు, డబ్బులు, సెల్‌ఫోన్ కబుర్లు లోపలికీ బయటికీ మోయకండి. ఎవరెంత బతిమాలినా సరే.

అసలు కష్టం లోపల కూర్చున్నాక మొదలవుతుంది. మన మీటింగుల్లో అలవాటైనట్టు అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తే, చప్పట్లు, తబలా మోగితే, అప్పటికే తల నిండా శబ్దాలున్న మనిషి లేచి వెళ్లిపోతాడు, లేదా చెవులు మూసుకుని మూలకు ఒదుగుతాడు. నలుగురైదుగురితో చిన్న గుంపుగా కూర్చోండి. ఒకరు ప్రార్థిస్తే మిగతావాళ్లు వినాలి. పాట కావాలంటే చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న పాత కీర్తనే ఎత్తుకోండి, కొత్త పాట నేర్పొద్దు. తల మీద చెయ్యి వేసే ముందు "అన్నా, చెయ్యి వేసి ప్రార్థన చెయ్యనా?" అని అడగండి, వద్దంటే వద్దు. ఎవరో తనను చంపడానికి చూస్తున్నారని భయపడేవాడికి వెనకనుంచి పడే చెయ్యి ప్రార్థనలా అనిపించదు.

పాటల పుస్తకం పట్టుకున్న అతని చేతివేళ్లు వణుకుతుంటాయి, పెదాలు ఎండిపోయి మాటిమాటికీ నాలుకతో తడుపుకుంటుంటాడు, వాక్యం మధ్యలో కునికిపాట్లు పడతాడు. మనకది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది గానీ చాలాసార్లు అది మందుల ప్రభావం. పది నిమిషాల వాక్యం చాలు. నీళ్లు తాగమనండి, అవకాశముంటే వణుకు సంగతి డాక్టర్‌కు చెప్పుకోమనండి, దానికీ మందులున్నాయి.

ఏ వాక్యం చెప్పాలో ఆలోచించి వెళ్లండి. జైలనగానే చాలామంది 51వ కీర్తన తీస్తారు. డిప్రెషన్‌లో ఉన్నవాడు తాను చేసినదానికీ చేయనిదానికీ కలిపి రాత్రింబగళ్లు తనను తానే తిట్టుకుంటుంటాడు, అతనికి ఇంకో పశ్చాత్తాప ప్రసంగం అక్కర్లేదు. 88వ కీర్తన చదవండి. అది మొరతో మొదలై చీకటితోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే, బైబిల్లో ఉంది. 1 రాజులు 19లో ఏలీయా చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవదూత వచ్చి గద్దించలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. నాకు తెలిసి జైల్లో ఇంతకంటే బాగా మనసుకెక్కే భాగం ఇంకోటి లేదు.

"నాకు క్షమాపణ దొరికిందా?" అని మీరు వెళ్లిన ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవాళ్లుంటారు, ముఖ్యంగా జబ్బు ముదిరిన స్థితిలో సొంత మనిషినే చంపుకున్నవాళ్లు. విసుక్కోకండి, కొత్త వివరణలూ వెతక్కండి, ప్రతిసారీ అదే చిన్న జవాబు అదే గొంతుతో చెప్పండి. ఇంకొకరు దేవుడు నాతో మాట్లాడాడు అంటారు. వెంటనే ఆమెన్ అనొద్దు, అబద్ధమనీ వాదించొద్దు. ఏం చెప్పాడో, ఆ మాటకు నెమ్మది కలిగిందో భయం కలిగిందో అడగండి. తినొద్దని, నిద్రపోవద్దని, ఎవరినో కొట్టమని చెబుతుంటే అది డాక్టర్‌కు చేరాల్సిన విషయం.

చావాలనుందని అంటే, లేదా తన దుప్పటి, బైబిలు వేరేవాళ్లకు పంచేస్తుంటే, నేరుగా అడగండి: "చనిపోవాలని ఆలోచిస్తున్నావా తమ్ముడూ?" అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. గేటు దాటకముందే డ్యూటీలో ఉన్న అధికారికీ జైలు డాక్టర్‌కూ చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షన్ ప్రకారం జైల్లో ఉన్న మానసిక రోగికి వైద్యం అందించాల్సిందే, అవసరమైతే ఆసుపత్రికి మార్చాల్సిందే. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఇలాంటివాళ్ల కోసం కూడా ఉన్నాయి. కాబట్టి అధికారిని అడగడానికి మొహమాటపడొద్దు, మర్యాదగానే అడగండి.

ఇంకొకటి నాకు బాగా బాధ కలిగించేది. ఖైదీ పేరు, కేసు, జబ్బు అన్నీ కలిపి చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవిగా పెట్టేస్తారు. పెట్టకండి. "ఒక సహోదరుడి కోసం ప్రార్థించండి" అంటే దేవుడికి అర్థమవుతుంది. బయటికొచ్చినవాణ్ణి వెంటనే స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించి యూట్యూబ్‌లో పెట్టడమూ వద్దు. సబ్బులూ పండ్లూ తీసుకెళ్తే ప్రార్థనకు రానివాళ్లకు కూడా ఇవ్వండి, హిందువులకైనా ముస్లింలకైనా. ఇవి తీసుకున్నందుకు ఎవరూ కూటానికి రావాల్సిన అవసరం ఉండకూడదు.

విడుదలకు ముందే కొన్ని పనులు చూసుకోవాలి. లాయర్ లేని రిమాండ్ ఖైదీ ఐతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించండి, హెల్ప్‌లైన్ 15100. విడుదలయ్యే రోజు మందుల చీటీ, కొన్ని రోజులకు సరిపడా మాత్రలు చేతిలో ఉండేలా జైలు డాక్టర్‌ను అడగమనండి. చాలామందికి ఇంటినుంచి ఎవరూ రారు, టీములో ఒకరు గేటు దగ్గరుండాలి. ఆ వారంలోనే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి మీరే వెంటబెట్టుకెళ్లండి. రాత్రివేళ కంగారు పెడితే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చని, తెలుగులోనే మాట్లాడొచ్చని అతనికీ ఇంట్లోవాళ్లకీ కాగితం మీద రాసివ్వండి.