బేల్దారి పనికి ముందు ఇన్సూరెన్స్ కాగితం ఎలా అడగాలి?

మా అనంతపురంలో మిద్దె ఉరుస్తా ఉందంటే మేస్త్రిని మొదట అడిగేది రెండే: అడుగుకు ఎంత, రేపట్నుంచి వస్తావా? ఎండాకాలంలో నేను మూడోది కూడా అడిగాను, "ఇన్సూరెన్స్ ఉందా అన్నా?" అని. ఉందంటూ జేబులోంచి ఓ కాగితం తీసిచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే అది ఆయన బండి ఇన్సూరెన్స్! మోసమేం కాదు, పాపం ఆయనకు తెలిసిన ఇన్సూరెన్స్ అదొక్కటే. నేనడిగిన తీరే సరిగా లేదు.

అడ్వాన్సు చేతిలో పెట్టకముందే రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. పనోళ్లకు దెబ్బ తగిలితే ఏ పాలసీ ఉంది? పక్కింటి ట్యాంకు మీద బండ పడితే ఏది ఉంది? మొదటిదానికి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ ఉండాలి. ఏజెంట్లు పాత అలవాటు కొద్దీ డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) పాలసీ అంటారు. అది పక్కింటి నష్టానికి పనికిరాదు, దానికి థర్డ్ పార్టీ కవర్ వేరే కావాలి. మీ ఇంటికి పాలసీ ఉందిలే అనుకుంటారేమో, అది ఇంటికీ సామాన్లకూ, పనోడి కాలికి కాదు.

కాగితం చేతికొచ్చాక పేరు, తేదీలు, మనుషుల సంఖ్య, పని రకం, పని చేసే చోటు చూడండి. అసలు తిరకాసు మనుషుల సంఖ్య, పని రకం దగ్గరే. కాగితంలో 'పెయింటింగ్, ముగ్గురు' అని ఉండి, మీ ఇంట్లో ఆరుగురు తాడిపత్రి బండలు మిద్దెకు మోస్తుంటే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ఆసుపత్రి ఖర్చు కలిపారో లేదో కూడా అడగండి. ఫోటో తీసుకుని నేరుగా కంపెనీకే ఫోన్ చేయండి, మేస్త్రి ఇచ్చిన ఏజెంటు నంబరుకు కాదు.

చాలామంది మేస్త్రీల దగ్గర ఏ పాలసీ ఉండదు. అంతమాత్రాన మంచి పనోణ్ణి వదులుకోవద్దు. ఈ పని నాళ్లకు సరిపడా పాలసీ ఆయన పేరునే తీయించి, ప్రీమియం ఎవరిదో గుత్త మాట్లాడేటప్పుడే తేల్చి ఒప్పంద కాగితంలో రాసుకోండి. దాంతోపాటు ప్రతి పనోడికీ ప్రధాన మంత్రి సురక్షా బీమా ఉందేమో కనుక్కోండి. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లకు ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. కాలు విరిగితే ఆసుపత్రి బిల్లు మాత్రం కట్టదు. ఏటా జూన్ 1తో కొత్త ఏడాది మొదలవుతుంది కాబట్టి పాస్‌బుక్‌లో ఆ 20 రూపాయలు కోత పడ్డాయా లేదా చూస్తే చాలు. ఖాతాలో డబ్బుల్లేక ఆగిపోయినవి బోలెడు.

పని మొదలయ్యే రోజు పొద్దున టీ ఇస్తారు కదా, గ్లాసులు లెక్కపెట్టండి. కాగితంలో నలుగురుండి గ్లాసులు ఆరైతే, మిగతా ఇద్దరి సంగతి తేలాకే నిచ్చెన ఎక్కనివ్వండి.