తక్కువ బట్టలు, మంచి నాణ్యత, అదే ఖర్చు: నాకు కుదిరిన పద్ధతి

బీరువా నిండా బట్టలు, వేసుకుందామంటే మాత్రం సరైనది ఒక్కటీ దొరకదు. చవకని కొన్నవి నాలుగు ఉతుకులకే వెలిసిపోయేవి, మళ్లీ కొనేవాణ్ని. ఒకేసారి సగం తీసేయడం, తగ్గింపు ధరల కోసం కాచుకోవడం, ఖరీదైనదే మంచిదని నమ్మడం, మూడూ చేశాను, లాభం లేకపోయింది.

చివరికి కుదిరింది ఇలా. ముందు ఏదీ కొనలేదు, ఏదీ పారేయలేదు. బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, వేసుకున్న ప్రతిసారీ ఆ చొక్కా పేరు పక్కన ఒక గీత గీశాను. మూడు నెలల తర్వాత చూస్తే 22 చొక్కాల్లో గీతలు 7 చొక్కాలకే పడ్డాయి. అప్పుడు ఒక్కోదాని ధరను దాని గీతలతో భాగించాను. మూడు రెట్లు పెట్టి కొన్న నీలం చొక్కాకు 20 గీతలు, చవక చొక్కాకు 2. నిజానికి ఖరీదు పడింది ఆ చవకదే!

గీతలు లేనివి ఇచ్చేశాను. ఆ ఏడింటిలో ఒకటి చిరిగితేనే కొత్తది, అదీ ముందు మూడింటికి పెట్టిన డబ్బుతో ఇప్పుడు ఒక్కటే. కొనేముందు తిరగేసి చూస్తాను: కుట్లు దగ్గరగా ఉన్నాయా, కుట్టు పక్కన గుడ్డ తగినంత వదిలారా, రెండువైపులా మెల్లగా లాగితే సందు తెరుచుకుంటోందా. ఈ మూడో పరీక్షలోనే చాలావరకు ఓడిపోతాయి, ధర ఎంతున్నా సరే.

ఎదిగే పిల్లల బట్టలకు ఈ లెక్క సరిపోదు. వంటింటి సామాన్ల మీద ఇంకా ప్రయత్నించలేదు. చేతిలో డబ్బు బొత్తిగా ఆడనప్పుడు ఒకేసారి ఎక్కువ పెట్టడం కష్టమే, అలాంటప్పుడు కాగితం వరకైనా మొదలుపెట్టవచ్చు.