రాగి బాయిలర్ కింద నీళ్లు కారుతున్నాయా? మాటు వేయించే ముందు ఇది చూడండి

చలి మొదలవగానే స్నానానికి నీళ్లు కాచే రాగి బాయిలర్లు అటక మీది నుంచి కిందికి దిగుతాయి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఇరుగుపొరుగు వాళ్లు నన్ను పిలిచేది ఎక్కువగా వీటి కోసమే. ముట్టించడం, నీళ్లు పోయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

మంట నిలవడం లేదు, పొగ కమ్ముతోంది

బూడిద తీశారా? ఎవరింటికి వెళ్లినా నేను మొదట అడిగేది ఇదే. తీశామంటారు. తీసింది కింది పళ్లెంలో బూడిద మాత్రమే. బొగ్గులు నిలిచే ఇనుప జల్లెడను ఎవరూ ముట్టుకోరు. చుట్టూ నీళ్లుండి, నిప్పులు వేసే మధ్య గొట్టంలో వేడి గాలి పైకి లేస్తూ కింది నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. ఆ గాలి రావాల్సిన దారి ఆ జల్లెడే. దాని కన్నాలు పూడుకుపోతే ఎంత మంచి బొగ్గు వేసినా మంట లేవదు. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు పై నుంచి సన్నటి ఊచతో పొడిచి, పళ్లెం తీసి కింది నుంచి చూడండి. వెలుతురు కనిపించాలి. అటక మీద ఉన్నన్నాళ్లూ గొట్టంలో కందిరీగలు గూడు పెట్టి ఉండవచ్చు, అదీ చూడండి. తర్వాత బొగ్గులు గొట్టం నిండా కుక్కకుండా సగం దాకా వేసి ముట్టించండి. చాలా ఇళ్లలో సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

పొగ తగ్గిందని, చలిగా ఉందని బాయిలర్‌ను బాత్రూమ్‌లోకి మాత్రం తీసుకెళ్లకండి. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. పెరట్లో కాచి, బకెట్‌తో లోపలికి మోసుకోండి.

కింద నీళ్లు కారుతున్నాయి

బూడిద పళ్లెంలో తడి, జల్లెడ మీద చుక్కలు, అడపాదడపా బొగ్గు మీద సుయ్‌మని చప్పుడు. చూడగానే ఎవరికైనా గొట్టం అతుకు ఊడిందనే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మా అమ్మ బాయిలర్‌కు రెండు చలికాలాలు వరసగా మాటు వేయించాను, అంటే లోహం కరిగించి అతికించాను. రెండుసార్లూ ఇంటికి తెచ్చి ముట్టించగానే మళ్లీ చుక్కలు. రెండోసారి మంట పెట్టి మాటు వేస్తుంటే పక్కనున్న పాత అతుకు కరిగి విడిపోయింది. అంతవరకు ఒక్క చుక్క కారని అతుకు అది. అసలు ఆ బాయిలర్‌కు కన్నమే లేదని తర్వాత తెలిసింది.

అది చెమట. చల్లటి నీళ్లు పోసిన చెంబు బయట ఎలా చెమరుస్తుందో, ఇక్కడ గొట్టం లోపల అలాగే చెమరుస్తుంది. కట్టె కాలితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఎంత ఎండిన కట్టె అయినా అంతే, పచ్చిదైతే ఇంకా ఎక్కువ. గొట్టం చుట్టూ ఉన్నవి తెల్లవారుజాము చన్నీళ్లు. ఆ ఆవిరి చల్లటి రాగికి తగిలి నీరవుతుంది, మసిని కలుపుకుని కిందికి జారుతుంది. కొబ్బరి చిప్పలు, పుల్లలు వేసే ఇళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. బొగ్గులో దాదాపు అంతా కార్బనే కాబట్టి బొగ్గుతో తక్కువ.

తేల్చుకోవడం తేలిక. రాత్రి మంట పెట్టకుండా బాయిలర్‌ను నిండా నింపండి. గొట్టం లోపల గుడ్డతో పొడిగా తుడవండి. పళ్లెంలో పాత పేపరు పరిచి వదిలేయండి. పొద్దున పేపరు పొడిగా ఉంటే కన్నం లేనట్టే. సగం నింపి చూడకండి, అతుకు మీద నీటి ఒత్తిడి చాలదు. వేడెక్కాక మాత్రమే తెరుచుకునే అతుకులు కూడా కొన్ని ఉంటాయి. అందుకే నీళ్లు బాగా కాగాక నిప్పులు తీసేసి టార్చ్‌తో మరోసారి చూడండి. చెమట అయితే నీళ్లు గోరువెచ్చన దాటి కాస్త వేడెక్కేసరికి ఆగిపోతుంది. కన్నమైతే ఆగదు.

చెమటకు మందు అంటూ లేదు. మొదట బొగ్గులతో ముట్టించి, నీళ్లు వేడెక్కాక కట్టె వేయండి. మంట ఆరాక పళ్లెంలో తడి బూడిదను అలా వదలకండి, జల్లెడ తుప్పు పడుతుంది.

పేపరు తడిసిందా? అప్పుడే మాటు సంగతి. తగరం, సీసం కలిపిన మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. వెనక నీళ్లు ఉన్నంతసేపు అతుకు వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. నీళ్లు లేకుండా నిప్పు తగిలితే కరిగిపోతుంది. కింద కుళాయి ఉన్న రకంలో అందరూ స్నానాలు చేసి నీళ్లు మొత్తం తోడేస్తారు, గొట్టంలో నిప్పులు మాత్రం అలాగే ఉంటాయి. అతుకులు ఎక్కువగా పోయేది అప్పుడే. తోడిన వెంటనే మళ్లీ పోయండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే అతుకు ముద్ద గొట్టం లోపల పనికిరాదు, మంటకు మాడి రాలిపోతుంది. రాగి పని తెలిసిన కంచరి దగ్గరికే తీసుకెళ్లండి. తూర్పు గోదావరిలో అజ్జరం, శ్రీకాకుళం వైపు బుడితి లాంటి ఊళ్లలో లోహపు పని ఇంకా బతికే ఉంది. కారుతున్న చోటు సుద్దతో గుర్తు పెట్టి చూపించండి, అక్కడికే మంట పట్టమనండి.

నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయి

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గొట్టానికి నీళ్ల వైపు తెల్లటి సున్నపు పొర కడుతుంది. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి పోసి, రాత్రంతా ఉంచి కడిగేయండి. బాత్రూమ్ యాసిడ్ పోయకండి, అది లోపలి తగరపు పూతనూ (కళాయి) మాటునూ తినేస్తుంది.

మిగతావి

కుళాయి చుక్కలు కారితే వాషర్ మార్చండి. నీళ్లలో ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే లోపలి కళాయి పోయి చిలుము పట్టిందని అర్థం. ఆ నీళ్లు వంటకు, తాగడానికి వద్దు. కళాయి పెట్టించండి.

నీళ్లు పోసే మూతి దగ్గర ఆవిరి చిమ్ముతోందని కొందరు గుడ్డ కుక్కుతారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆవిరి బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే, అది మూస్తే బాయిలర్ పేలవచ్చు.