పరుగు పోటీలో వెనకబడ్డవాళ్లు మానేయకుండా: వెనకాముందు స్టార్టు

కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగులాంటి దేహదారుఢ్య పరీక్షలు) కోసం నలుగురైదుగురు జట్టుగా పొద్దున్నే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి (జేఎన్‌ఎస్) రావడం మామూలే. మూడో వారానికి ఇద్దరే మిగులుతారు. అందరూ ఒకేసారి బయల్దేరితే రోజూ గెలిచేది ఒక్కడే, రోజూ ఓడేదీ ఒక్కడే. ఆ ఓడేవాడికి ఐదింటికి లేవబుద్ధి కాదు.

దీన్ని సరిచేసేది వెనకాముందు స్టార్టు, అంటే నెమ్మదిగా ఉరికేవాడు ముందు, వేగంగా ఉరికేవాడు వెనక బయల్దేరడం. ముందు 1600 మీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఎవరి టైమ్ వాళ్లది విడిగా రాసుకోవాలి. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు, రౌండుకు దాదాపు 109 సెకన్లు. ముగ్గురి టైములు 8:20, 7:40, 7:10 అనుకుందాం. 8:20 వాడు ముందు కదలాలి. 40 సెకన్లకు రెండోవాడు, 70 సెకన్లకు మూడోవాడు. లెక్క కుదిరితే ఆఖరి వంద మీటర్లలో ముగ్గురూ ఒక్కచోటికొస్తారు. వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే, అలిసిన కాళ్లు కూడా లేస్తాయి.

చెడేది ఎక్కడంటే, ముందు బయల్దేరొచ్చని కొందరు మొదటి టైమ్ కావాలనే నెమ్మదిగా ఇస్తారు. అందుకే ఎప్పుడూ బెస్ట్ టైమే లెక్క. పోటీలో టైమ్ అంతకన్నా తగ్గితే అప్పుడే కాగితం మీద మార్చాలి. పోటీ వారానికి ఒక్కసారే. రోజూ పెడితే మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకోవచ్చు. మిగతా రోజులు మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగే వేగం చాలు.

పైసల పందెం మాత్రం వద్దు, దోస్తీ చెడుతుంది. ఆఖరున వచ్చినవాళ్లు వచ్చే వారం అందరికీ శనగ గుడాలు తెస్తే సరి.