ఇన్సులిన్ వేసుకునే ముందు ఇవి చూసుకోండి

ముందు ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉందో 100 అని ఉందో చదవండి, ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్ల మందుందో చెప్పే అంకె అది. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత. ఇవి తారుమారైతే డోసు రెండున్నర రెట్లు అటో ఇటో అయిపోతుంది, కాబట్టి కోఠీలో కొన్నా కూకట్‌పల్లిలో కొన్నా షాపువాడు ఇచ్చింది ఇచ్చినట్టు సంచిలో వేసుకోకండి.

షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే సూది పక్కన పెట్టి ముందు గ్లూకోజో పంచదారో తీసుకోండి. భోజనానికి ముందు వేసేదైతే కంచం సిద్ధంగా ఉండాలి. "ఇంటికెళ్లి తింటాలే" అని ఆఫీసులో వేసుకుని అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు.

పాలలా ఉండే రకాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి, గిలక్కొట్టొద్దు. ఉండలుంటే పారేయండి. మన మే ఎండల్లో బండి డిక్కీలో అసలే పెట్టొద్దు, ఫ్రీజర్లోనూ వద్దు.

పొట్ట మీద వేసుకునేటప్పుడు బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదలండి, నిన్నటి చోటు నుంచి ఒక వేలి మందం జరగండి. గట్టిపడిన చోట నొప్పి తెలియదని చాలామంది అక్కడే పొడుస్తుంటారు, కానీ అక్కడ మందు సరిగా ఒంటికి పట్టదు.

సిరంజి కాకుండా ఇన్సులిన్ పెన్ అయితే ముందు రెండు యూనిట్లు బయటికి వదిలి చుక్క వచ్చిందా చూడండి, వేశాక పది అంకెలు లెక్కపెట్టి తీయండి. సూది ప్రతిసారీ కొత్తదే. వాడింది మూతున్న గట్టి డబ్బాలో వేయండి, లేదంటే చెత్త బండి వాళ్ల చేతికి గుచ్చుకుంటుంది.