గడప దాటే ముందు జాగ్రత్తలు

భర్త పెట్టే హింసను ఇక భరించలేక ఇల్లు విడిచిపోవాలని నిశ్చయించుకున్నవారు ఆ మాట ముందుగా అతని చెవిన పడకుండా చూసుకోవాలి. భార్య తన చేయి దాటిపోతోందని తెలిసిన రోజుల్లోనే హింస ముదురుతుంది కనుక, "కన్నవారింటికి పోతాను, ఇక రాను" అని కోపంలో అనేసిన మాట ప్రాణం మీదికి తేవచ్చు. ఇదివరకు ఒక్కసారైనా గొంతు నులిమి ఉంటే ఆ ప్రమాదాన్ని ఎంతమాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బయలుదేరే రోజు వరకు వంట, పొలం పని, డ్వాక్రా సమావేశం అన్నీ ఎప్పటిలాగే సాగనివ్వండి.

ఆధార్, బియ్యం కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, పెళ్ళి శుభలేఖ, దెబ్బలకు వైద్యం చేయించుకున్న ఆసుపత్రి చీటీలు అన్నీ ఒకేసారి బీరువాలోంచి మాయమైతే అనుమానం వస్తుంది. సంక్రాంతికి కన్నవారింటికి వెళ్ళేటప్పుడు పిల్లల బట్టల మడతల్లో పెట్టి కొన్ని కొన్నిగా దాటించడం మేలు. పండగ సంచిని ఎవరూ విప్పి చూడరు. బంగారం కోసం మాత్రం వెనక్కి వెళ్ళకండి. 2005 నాటి గృహహింస చట్టం కింద స్త్రీధనం తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును కోరవచ్చు.

ఫోను విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మీ బ్యాంకు ఖాతాకు అతని నంబరు జతచేసి ఉంటే, మీరు ఏటీఎంలో డబ్బు తీసిన మరుక్షణం అతనికి మెసేజి వెళుతుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చేసిన కాల్ కూడా ఫోనులో కనిపిస్తుంది కాబట్టి, నమ్మకమైన అంగన్‌వాడీ టీచరు ఫోనో ఆశా కార్యకర్త ఫోనో అడిగి మాట్లాడండి. ఆపద ముంచుకొస్తే 112కు చేయండి.

బంధువుల్లో ఒక్కరికే చెప్పండి. "పెద్దల్లో పెడదాం" అనేవారు మంచి మనసుతోనే అతనికి కబురు పంపుతారు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉన్న సఖి కేంద్రాల్లో తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. తలదాచుకున్న ఊళ్ళోని కోర్టులోనే రక్షణ ఉత్తర్వులు కోరే హక్కును చట్టం ఇచ్చింది. అంటే పలాస నుంచి విజయనగరం చేరినవారు మళ్ళీ వెనక్కి పోనక్కరలేదు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని పెడతారు, అందుకు 15100 నంబరు ఉంది.

అతను పనికి వెళ్ళిన వేళ, పిల్లలను వెంటబెట్టుకునే బయలుదేరండి. వారికి ముందుగా చెబితే పసినోట మాట దాగదు. మీ వీధి ఆటో ఎక్కవద్దు, ఎక్కడ దింపాడో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. తరువాత "ఒక్కసారి వచ్చి మాట్లాడు" అని అతను ఎంత బతిమాలినా ఒంటరిగా వెళ్ళకండి. పిల్లలను కొత్త బడిలో చేర్చిన రోజునే, మీరు తప్ప ఎవరు వచ్చినా వారిని పంపవద్దని ప్రధానోపాధ్యాయులకు రాసి ఇవ్వండి.